బయటి మనిషికి రెండో చాయ్

ఎనభైల్లో ఓ సాయంత్రం. గౌలిగూడ బస్టాండుకు వెళ్లి విజయవాడ బస్సు పట్టుకోవాలి. పంజాగుట్ట స్టాపులో సంచీతో నిలబడి మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాను. పక్కనున్న టైలర్ దుకాణం యజమాని వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, జర ఇంట్ల కూర్చో. మా చెల్లెను కరాచీల ఇచ్చినం, సూడనీకొచ్చింది. వీసా అడగనీకి పోలీసాయన వచ్చిండు. మొన్న ఒక్కతే ఉంటే మస్తు తిట్టిండు. వాళ్ల పెద్దసాబుకు చెప్పుకుంటే, ఇగ బయటి మనిషి ముంగటనే అడగాలె అన్నడు."

"నేనేం మాట్లాడాలండీ?"

"ఏం వద్దు. చాయ్ తాగు."

దుకాణం వెనకే ఇల్లు. కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన చాయ్ తాగాను. కానిస్టేబుల్ నన్ను ఎగాదిగా చూసి, పరదా వైపు తిరిగాడు. "వాపసు ఎప్పుడు పోతరమ్మా?"

"నెలాఖరుకు," అందామె లోపలినుంచి, తెలుగులోనే.

ఇంతలో తలుపులోంచి స్టాపులో ఆగిన గౌలిగూడ బస్సు కనిపించింది. సంచీ తీసుకుని లేచాను.

"ఏయ్, పాస్‌పోర్ట్ ఏది?" పరదా వైపు చూస్తున్న కానిస్టేబుల్ గొంతు మారిపోయింది.

పరదా సందులోంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి, నా ముందు ఇంకో చాయ్ పెట్టింది.

కూర్చున్నాను. బస్సు కదిలిపోయింది.

"జర పాస్‌పోర్ట్ చూపియ్యమ్మా," అన్నాడు కానిస్టేబుల్.