నల్లగళ్లు లేని పజిల్

చైతన్యపురిలో రాస్తారోకోకి ఆగిపోయిన సిటీ బస్సు, అందులో తొమ్మిదిమంది ప్రయాణికులు, కునుకు తీస్తున్న కండక్టరు, నా ఒళ్లో ఆదివారం అనుబంధం, పక్క సీట్లో జై తెలంగాణ బ్యాడ్జీ పెట్టుకున్న పెద్దాయన.

ఆ వారం గళ్లనుడికట్టు పజిల్‌లో నల్లగళ్లు అచ్చు వేయలేదు. ఆధారాలు విప్పుతూ, అవి ఎక్కడుండాలో కూడా మనమే తేల్చుకోవాలి. మామూలు పజిలే అప్పటిదాకా నేను సొంతంగా పూర్తి చేయలేదు.

"నావల్ల కాదండి, మీరు నింపండి," అని పేపరూ పెన్నూ చాపాను.

"కోస్తా దిక్కోళ్లు గింత జల్ది ఓడిపోతరా?" అని నవ్వి, పేపరొక్కటే తీసుకున్నాడు. చాలాసేపు గళ్ల మీద వేలు కదిపి, "అయిపోయింది," అని తిరిగిచ్చాడు.

నాకు నమ్మకం కలగలేదు. "ఆరో వరుసలో నల్లవి ఎన్నండీ?"

"మూడు," అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూనే.

"మరి రాయలేదేంటి?"

"నేను రాస్తే నీకేం మిగుల్తది తమ్మీ? ఒక్కటి చెప్త. నట్టనడిమి గడి నలుపు."

బస్సు కదిలాక ఎల్బీనగర్‌లో దిగిపోయాడు.

జవాబులు అచ్చయ్యేలోగా పజిల్ పూర్తి చేశాను. ఆరో వరుసలో మూడే వచ్చాయి. మొత్తం నల్లగళ్లు ముప్పై ఏడు, అందులో నేను కనుక్కున్నవి ముప్పై ఆరు.