ముందు నన్ను సూడండి

మా పక్కింటి అత్త పోయిందని నాన్న ఇచ్చిన టెలిగ్రాం పోయిన మంగళవారం మధ్యాహ్నం విశాఖపట్నంలో నేను పనిచేసే కస్టమ్స్ ఆఫీసుకు వచ్చింది. సెలవు చీటీ రాసి తీసుకెళ్తే, పోయినావిడ మీకేమవుతారని మా పెద్ద గుమాస్తా అడిగారు. అత్త అన్నాను. నాన్నగారి చెల్లెలా అన్నారు. కాదన్నాను. మాకు నెత్తురు సంబంధం లేదు, గోడ సంబంధం ఉంది. అది సెలవు చీటీలో ఎలా రాయాలో తెలియక నిలబడ్డాను. గుమ్మం దగ్గరున్న ముసలి జవాను మా మాటల్లో ఊరి పేరు విని, "ఆమదాలవలసా? రంగం ఓడల్లో ఆడోళ్ళని సూసే అమ్మేనా?" అన్నాడు. అవునన్నాను. అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పెద్ద గుమాస్తా ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టారు.

కస్టమ్స్ శాఖలో ఎవరి కింద ఎవరుంటారో నాకు నేర్పింది ఈ అత్తే. మా పెరటి అరుగు మీద చింతపిక్కలు పేర్చి నేర్పింది. అన్నిటికన్నా పెద్ద పిక్క కలెక్టరు. "జిల్లా కలెక్టరు కాదే, ఈయన సముద్రానికి కలెక్టరు" అనేది. ఆయన కింద అసిస్టెంట్లు, వాళ్ళ కింద సూపరింటెండెంట్లు. అక్కడ వరస రెండుగా చీలుతుంది. ఒక పక్క సరుకు చూసి విలువ కట్టే అప్రైజర్లు, ఇంకో పక్క ఓడ దగ్గర కాపలా కాసి సోదా చేసే ప్రివెంటివ్ ఆఫీసర్లు. ఆ కింద గుమాస్తాలు, జవాన్లు, చిట్టచివర లాంచీ నడిపే సరంగు, అతని కళాసీలు. కళాసీ పిక్కను మాత్రం ఆమె కొంగుతో తుడిచి పెట్టేది. ఆమె భర్త ఆ లాంచీ మీద కళాసీగా చేస్తూ జ్వరంతో పోయాడు. ఆ తర్వాతే ఓడ దిగే ఆడవాళ్ళని సోదా చేసే పనికి ఆమెను పిలిచారు.

"మరి నువ్వెక్కడ అత్తా?" అని అడిగాను ఒకసారి.

"నేను వరసలో లేనే. ఓడొస్తే పిలిసేవోరు, ఎల్లేదాన్ని" అంది. తర్వాత చేతిలో మిగిలిన పిక్కను కలెక్టరు పిక్క పక్కనే పెట్టింది. "అయితే ఒకటి ఇను. ఆడమనిషి ఒంటిమీద సెయ్యెయ్యాలంటే కలెక్టరు బాబుకీ హక్కు లేదు. చట్టం. ఆడమనిషే ఎయ్యాల. ఆ హక్కు నాకున్నాది."

బర్మా రేవు రంగం నుంచి మనవాళ్ళు ఉన్నదంతా వదిలేసి ఓడల్లో తిరిగొచ్చిన రోజుల్లో ఆమెకు తీరిక ఉండేది కాదట. రేవు షెడ్డులో ఒక మూల తెర కట్టేవారు. తెర వెనక ఆమె, ఎదురుగా ఓడ దిగిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే. సోదా చేసేవాళ్ళు ముందు తమను తాము సోదాకి ఇచ్చుకోవడం ఆ శాఖలో ఆచారం, నా దగ్గర ఏమీ లేదు, నీ మీద ఏమీ పెట్టబోవడం లేదు అని తెలియడానికి. చాలామంది మొహమాటపడి వద్దంటారు. అత్త వద్దననిచ్చేది కాదు. కొంగు విదిలించి, రెండు అరచేతులూ చాపి, "ముందు నన్ను సూడమ్మా. సెయ్యి పెట్టి సూడు" అనేది. పసిబిడ్డ నడుముకి రెండు బంగారు గాజులు గుడ్డతో చుట్టి తెచ్చిన ఒక తల్లి, అత్త కొంగు తడుముతూ తడుముతూ ఏడ్చి, ఆ గాజులు తనే విప్పి ఇచ్చేసిందట.

ఓడలు తగ్గాక ఆమె మా పక్కింటికి వచ్చేసింది. అలవాటు మాత్రం రేవులో వదిలి రాలేదు. మా వంటింట్లోకి ఉప్పు కోసం వచ్చినా, వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి కొంగు విదిలించి వెళ్ళేది. ఇదేటి వదినా, మేం నిన్ను అనుమానిస్తామా అని అమ్మ చిన్నబుచ్చుకునేది. మీ కోసం కాదు, నా కోసం అనేది అత్త.

బి.ఏ. ప్యాసై రెండేళ్ళుగా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న నాకు ఆ పిక్కల వరసలో ఒక చోటు కావాలనిపించింది. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. నన్నూ టీచరు ట్రైనింగుకే వెళ్ళమన్నారు. మగవాళ్ళ ఆఫీసు మాట ఇంట్లో ఎత్తొద్దన్నారు. ఎత్తలేదు. చెప్పకుండా గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకి రమ్మన్న కాగితం అక్క పెళ్ళికి నాలుగు రోజుల ముందు వచ్చింది. నా ట్రంకు పెట్టెలో చీరల కింద దాచాను.

పెళ్ళి ముందురోజు, చర్చిలో పెళ్ళికొడుక్కి పెట్టాల్సిన ఉంగరం కనిపించలేదు. అంట్లు తోమే మనిషి కొంగు విప్పించమని పెద్దమ్మ కేకలేసింది. ఆ పని తెలిసిన అత్తను గోడ మీంచి పిలిచింది కూడా పెద్దమ్మే.

అత్త వచ్చి అంతా విని, "ఒక్కదాన్నే సూడమంటే అది ఎతకడం కాదమ్మా, ఏలెట్టి సూపడం. సూస్తే అందర్నీ సూద్దాం. పెద్దోళ్ళ కాడ నుంచి కిందికొద్దాం" అంది. తర్వాత చేతులు చాపింది. "ముందు నన్ను సూడండి."

పెద్దమ్మ సంచీతో మొదలైంది. అమ్మ బీరువా అయింది, అక్క పెట్టె అయింది. ఆ కాగితం నాన్న చూస్తే చదువుకున్నందుకు నాకు మిగిలిన ఒక్క దారీ మూసుకుపోతుంది. నా పెట్టె మూత తీసేటప్పటికి పెద్దమ్మ పక్కనే నిలబడి ఉంది, నాన్న గుమ్మంలో ఉన్నారు. అత్త ఒక్కొక్క చీరా ఎత్తింది. అడుగున పొడుగు కవరు, దాని మీద సింహాల ముద్ర. ఆమెకు ఇంగ్లీషు రాదు గాని ఆ ముద్ర ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఎత్తిన చీరను ఎంత నెమ్మదిగా ఎత్తిందో అంత నెమ్మదిగా దాని మీద పరిచింది.

"బట్టలు, పుస్తకాలు. ఉంగరం లేదు" అని మూత వేసింది.

అంట్లు తోమే మనిషిని అందరికన్నా చివర చూసింది, పెద్దమ్మ దగ్గర ఎంతసేపు చూసిందో అంతసేపే. ఉంగరం దొరకలేదు. ఎలా దొరుకుతుంది? పొద్దున్నే చర్చికి వెళ్ళినప్పుడు పాస్టరుగారి చేతికిచ్చి మరిచిపోయింది నాన్నే. సాయంత్రం పాస్టరుగారే కబురు పంపితే ఆయన తల పట్టుకున్నారు. పెద్దమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. అంట్లు తోమే మనిషి మాత్రం రెండుసార్లు వడ్డించుకుని తింది.

నేను పెరట్లో అత్త దగ్గరికి వెళ్ళి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఉంగరం ఎతకమన్నారు, ఉంగరం ఎతికాను. ఎతికేటప్పుడు కంటబడ్డ మిగతాదంతా మర్చిపోవాల. అది రానోళ్ళు ఈ పని సెయ్యకూడదు." లేచి వెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "అయితే నువ్వూ ఒకటి తెలుసుకో. సరుకు నువ్వే సూపెడితే సుంకంతో పోతాది. దాసి దొరికితే సరుకే పోతాది."

పెళ్ళివారు వెళ్ళిన మర్నాడు కవరు తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. అది నేను కట్టిన సుంకం. ఎనిమిదోనాడు, బండి ఎన్నింటికి అని అడిగారు. ఇంటర్వ్యూ గది బయట బల్ల మీద ఆయన గొడుగు పట్టుకుని కూర్చుని ఉండటం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు అత్త పిక్కల డబ్బా తెచ్చి, గుమాస్తాల వరసలో ఇంకొకటి పెట్టింది. ఇప్పుడు ఆ వరసలన్నీ ప్రతి నెలా కాగితం మీద రాసేది నేనే, ఉద్యోగం పేరు, ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఖాళీలు అని. రాయడం అయ్యాక, ఏ వరసలోనూ లేని అత్త కోసం ఒక్క క్షణం కలం ఎత్తకుండా ఆగుతాను. ఎందుకో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు.

మంగళవారం దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాను. చర్చి ఆడవాళ్ళు ఆమెకు స్నానం చేయించి, దుప్పటి కప్పి, నా కోసం ఆగి ఉన్నారు. సమాధి చేసేటప్పుడు తనకు కట్టాల్సిన తెల్ల చీర ఆమె తన పెట్టెలోనే దాచుకుంది. పక్కన ఇద్దరు సాక్షులు లేకుండా ఎవరి పెట్టే తెరవకూడదని ఆమె వాళ్ళందరికీ ఎన్నిసార్లు చెప్పిందో, ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు. నువ్వు తియ్యమ్మా అన్నారు. అమ్మ ఒక పక్క, అంట్లు తోమే మనిషి ఒక పక్క నిలబడ్డారు.

పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. నడుముకి దోపిన కొంగు తీసి విదిలించాను. ఆమె వైపు తిరిగి, రెండు అరచేతులూ చాపి, కొంచెంసేపు అలాగే ఉంచాను.