నిలువు పొరల రాయి

మా ఊరికి వచ్చినవాళ్ళందరూ ముందు బిషప్పుల సమాధుల దగ్గరికే పోతారు. రాజుతో తగువు పెట్టుకుని తల పోగొట్టుకున్న ఆయన, కరువులో తన వెండి సామానంతా అమ్మి ఊరికి గంజి పోసిన ఆయన, తొంభై ఏళ్ళు బతికి ఒక్క మంచి పనీ చెయ్యని ఆయన, ముగ్గురికీ ఒకే రకం పాలరాయి. వాటిని చెక్కిందెవరని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. అడగరు కూడా. అందుకే అలాంటి రాతిపనివాళ్ళలో ఒకడైన ఈనక్ గార్బట్ గురించి ఎవరో ఒకరు చెప్పాలి.

ఈనక్ పద్నాలుగో ఏట పెద్ద చర్చి రాతిపని కొట్టంలో చేరాడు. యాభై ఒక్క ఏళ్ళు అక్కడే ఉలి పట్టాడు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు, ఒక్కసారి తప్ప.

చర్చి దక్షిణపు గోడకి చూరు కింద వరసగా రాతి తలలు ఉంటాయి. ఏదైనా తల పాడైతే కొట్టంవాళ్ళు కొత్తది చెక్కుతారు. ఎవరి తల చెక్కాలన్నది చెక్కేవాడి ఇష్టం, బిషప్పు కూడా కాదనడానికి వీల్లేదు. అందుకే అక్కడ మహారాజు పక్కన రొట్టెలమ్మిన ముసలావిడ ఉంది, ఆవిడ పక్కన ఎవడో పన్నుల అధికారి పళ్ళికిలించుకుని ఉన్నాడు. ఇంకో ఆచారం కూడా ఉంది. తల పెట్టేముందు దాని కింద సున్నంలో చెక్కినవాడు తనదైన వస్తువు ఒకటి దాచాలి. కొందరు తల్లి ఉంగరం దాచారు, కొందరు అరిగిపోయిన ఉలి దాచారు.

1955 ఫిబ్రవరిలో ఈనక్ కూతురు డోర్కస్ మెదడువాపు జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. ఏడేళ్ళ పిల్ల. ఒక్కతే. బడిలో తీయించిన ఫోటో ఒక్కటే మిగిలింది. తల్లి విన్నీ దాన్ని పొయ్యి పైనున్న అరమీద పెట్టుకుని, పొద్దున లేవగానే దాని ముఖం చూసి గాని కెటిల్ పెట్టేది కాదు.

రెండేళ్ళకి దక్షిణపు గోడ మీద ఒక తల రాలిపోయింది. కొత్తది చెక్కే వంతు ఈనక్‌ది. ఆ ఉదయం మొదలు అతను రోజూ అరమీది ఫోటో తీసి జేబులో పెట్టుకుని పనికి వెళ్ళి, సాయంత్రం తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టేవాడు. విన్నీని అడగలేదు.

కొట్టంలో ఆ కొలతకు సరిపోయే రాయి ఒక్కటే ఉంది. మేస్త్రీ కత్‌బర్ట్ రెయిన్ దాన్ని తడిపి చూసి తల అడ్డంగా ఊపాడు.

"వద్దు ఈనక్. నీ కొలతకి దీన్ని పెడితే పొరలు నిలువుగా వస్తాయి. మొహం ఊడొస్తుంది."

"ఇంకో రాయి ఎప్పుడొస్తుంది?"

"వేసవి పోయాక."

"ఈస్టరుకి పరంజా విప్పేస్తారు. అంతదాకా నేను ఆగలేను."

"ఒరేయ్, రాయికి నీ దుఃఖం తెలీదురా."

"మనం ఉన్నంతకాలం ఉంటుందిలే."

ఇది పనిలో చేరిన మొదటి వారంలో నేర్పే పాఠం. భూమిలో రాయి ఎలా పడుకుందో గోడలోనూ అలాగే పడుకోవాలి. పొరలు నిలబడితే వాన నీళ్ళు వాటి మధ్యకు దిగుతాయి, చలికాలంలో గడ్డకట్టి ఒక్కొక్క పొరనూ ఊడదీస్తాయి. ఈ సంగతి ఈనక్‌కి తెలీదా? తెలుసు. తెలిసే చేశాడు. దుఃఖం మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుందంటారు గాని, అతని కళ్ళు బాగానే ఉన్నాయి, ఆగే ఓపికే లేదు.

పదకొండు రోజుల్లో తల పూర్తయింది. బాగా కుదిరిందని కొట్టమంతా అన్నారు. దాని కింద పొగాకు డబ్బాలో ఫోటో పెట్టి సున్నం మెత్తి వచ్చాడు. సాయంత్రం విన్నీ అరమీద తడిమి చూసింది.

"పిల్ల బొమ్మేదీ?"

"గోడలో ఉంది. రాతి కింద. ఇంక దానికి చావు లేదు."

"గోడలోనా? నన్నడగాలని అనిపించలేదా నీకు?"

"వెళ్ళి చూడు. అచ్చం అదే."

"కాకులు చూస్తాయిలే," అంది విన్నీ. ఆ తర్వాత ఎన్నడూ ఆమె దక్షిణం వైపుకు వెళ్ళలేదు. ఆదివారం ప్రార్థనకు ఉత్తరపు తలుపులోంచి వచ్చి, అందులోంచే వెళ్ళిపోయేది. ఈనక్ మాత్రం ప్రతి ఆదివారం దక్షిణపు గడ్డిలో నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూసేవాడు. ఇంట్లో పిల్ల పేరు ఎవరూ ఎత్తలేదు.

పదహారో చలికాలంలో గవ్వంత పెచ్చు ఒకటి గడ్డిలో దొరికింది. చెంపది. ఈనక్ దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఇంటికి వచ్చాడు, ఎవరికీ చెప్పలేదు. చెబితే రాతిపనివాడిగా పరువేముంటుంది? ఆ తర్వాత పై పెదవి పోయింది. అతను పనిలోంచి దిగిపోయిన ఏడాది ముక్కు పోయింది. చివరకు అక్కడ గుండ్రటి రాయి మిగిలింది, ఎవరి ముఖమైనా కావచ్చు.

1993 వసంతంలో దక్షిణపు గోడకి మళ్ళీ పరంజా కట్టారు. ఇప్పుడు కొట్టంలో తలలు చెక్కేది టామ్సిన్ ఆడీ అనే ఆవిడ, నలభై దాటింది. ఒక మధ్యాహ్నం ఆవిడ ఈనక్ ఇంటికి వచ్చింది.

"గార్బట్ గారూ, మీ పాప తలే మళ్ళీ చెక్కుతాను. ఆ చోటు మీది, నేను మార్చను. కానీ చూసి చెక్కడానికి రాయిలో ఏమీ మిగల్లేదు. ఫోటో ఏదైనా ఉందా?"

"ఉంది," అన్నాడు ఈనక్. రాతి దుమ్ము మింగిన ఊపిరితిత్తులతో మాట బయటికి రావడానికి కాస్త సమయం పట్టింది. "ఆ రాతి కిందే ఉంది తల్లీ. డబ్బాలో."

వంటింట్లో విన్నీ గిన్నెలు కడగడం ఆపేసింది.

రాయి దించే రోజున విన్నీ తన మంచి కోటు వేసుకుని వచ్చింది. ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి దక్షిణపు గడ్డిలో మొగుడి పక్కన నిలబడింది. అతని చెయ్యి పట్టుకుంది. ఈనక్‌కి ఆశ పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుపడేంత ఆశ. చేసిన తప్పంతా ఆ డబ్బా మూత తీస్తే తీరిపోతుందనుకున్నాడు.

డబ్బా తుప్పు పట్టి రాతికి అతుక్కుపోయింది. టామ్సిన్ కత్తితో మూత లేపింది. లోపల బూడిదరంగు ముద్ద ఉంది, తడిసి ఆరి తడిసి ఆరి కాగితమని కూడా తెలియనంతగా అయిపోయింది. రాతిపనివాడికి ఎవరూ వివరించనక్కర్లేదు. నిలువు పొరల్లోంచి నీళ్ళు తిన్నగా కిందికి, ఆ డబ్బాలోకే దిగాయి. ముఖాన్నీ, ముఖం బొమ్మనీ ఒకే రాయితో పోగొట్టాడు.

"ఇంకా దారి ఉంది," అంది టామ్సిన్. వాళ్ళిద్దర్నీ కొట్టంలోకి తీసుకెళ్ళి, టీ ఇచ్చి, బల్ల మీద తడి మట్టి ముద్ద పెట్టింది. "మీరు చెప్పండి, నేను చేస్తాను. తప్పయితే చెరిపేద్దాం. గడ్డం ఎలా ఉండేది?"

"గుండ్రంగా. నుదురు వెడల్పు. ఎడమ చెవి పక్కన చిన్న నొక్కు ఉండేది..."

ఈనక్ ఆగిపోయాడు. ఆ నొక్కు తన ఉలి జారి పడింది. పిల్లకు లేదు. గడ్డం గురించి మళ్ళీ ఆలోచించాడు, అదీ రాతి గడ్డమే. కళ్ళు మూసుకుని పరిగెత్తే పిల్లను, అన్నం తినే పిల్లను, జ్వరంలో ఉన్న పిల్లను ఒక్కొక్కరినే పిలిచాడు. అందరూ ఆ రాతి తలతోనే వచ్చారు. వారం వారం పైకి చూసీ చూసీ, అసలు ముఖాన్ని తన చేత్తోనే చెరిపేసుకున్నాడు.

"నాకు రావడంలేదు," అన్నాడు. ఏడుస్తున్నాడు, దాచుకోలేదు. "విన్నీ, నువ్వు చెప్పు. నువ్వు తల్లివి, నీకు తెలుసు. నువ్వు ఈ రాయిని చూడలేదు కూడా."

టామ్సిన్ వేళ్ళు మట్టి మీద ఆనించి ఎదురుచూసింది. విన్నీ ఆ ముద్దను చూసింది. చెయ్యి చాపి, తాకబోయి, వెనక్కి తీసుకుంది.

"జ్వరంలో దాని చెయ్యి ఎంత వేడిగా కాలిపోయిందో గుర్తుంది," అంది. "జడ వేస్తుంటే తల వాసన గుర్తుంది. మొహం లేదు, ఈనక్. బొమ్మ పోయిన మూడో ఏటో నాలుగో ఏటో మసకబారిపోయింది. పట్టుకుందామని ఎంత చూశానో నీకు తెలీదు. నీకు గుర్తుంది కదా అనుకుని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."