తలుపు పట్టుకునే ఉద్యోగం

మావయ్యగారికి ఉన్నది ఒకే ఒక్క వింత అలవాటు. ఇంట్లో ఉన్న పాత వ్యానులో ఏ భాగం చెడిపోయినా, ఆ భాగం బదులు ఒక మనిషిని బిగిస్తారు.

అలాగని ఆయనకు యంత్రాల సంగతి తెలియదనుకోకండి. బోల్టు కిందపడిన చప్పుడు విని దాని సైజు చెప్పగలరు. కాకపోతే ముప్పై రెండేళ్ళపాటు ఒక పెద్ద ఆఫీసులో సిబ్బందిని నియమించే విభాగంలో పనిచేశారు. ఎక్కడైనా ఖాళీ కనబడితే అందులో ఎవరో ఒకరిని కూర్చోబెట్టేదాకా ఆయనకు అన్నం సయించదు. ఉద్యోగం నుంచి మనిషి రిటైరయ్యారు గానీ, మనిషిలోంచి ఉద్యోగం రిటైరవలేదు.

ఈ సంగతి కోడలికి పెళ్ళయిన నాలుగోరోజున తెలిసింది. అంతా కలిసి బజారుకు బయల్దేరారు. వ్యాను గోడకు ఎదురుగా ముక్కు పెట్టి నిలబడి ఉంది. మావయ్యగారు స్టీరింగు ముందు సర్దుకుని కూర్చుని, "రివర్సు!" అని కేకేశారు. కొత్త పెళ్ళికొడుకు కొత్త చొక్కా చేతులు మడుచుకుంటూ దిగి, బండి ముందుకు వెళ్ళి, రెండు అరచేతులూ ఆనించి వెనక్కి తోశాడు.

"మీరు తోయడమేమిటండీ?" అంది కోడలు, అతను రొప్పుతూ వచ్చి పక్కన కూలబడ్డాక.

"రివర్సు గేరు పడక రెండేళ్ళయింది."

"మరి బాగు చేయించలేదా?"

"నన్ను వేశారు."

తనకు పెళ్ళి చేసింది బ్యాంకు ఆఫీసరుతో అనుకుంది పాపం. రివర్సు గేరుతో అని ముందు ఎవరూ చెప్పలేదు.

వీధి మలుపు తిరిగేసరికి మిగతా సిబ్బంది కూడా పరిచయమయ్యారు. హారన్ మూగబోయి చాలా కాలమైంది. ఆ ఖాళీలో ఆడపడుచు ఉంది. కాలేజీలో వక్తృత్వపు పోటీలన్నీ గెలిచిన గొంతు. కిటికీలోంచి తల బయటపెట్టి, "సైకిలన్నయ్యా, కాస్త పక్కకి! గొడుగు తాతగారూ, మిమ్మల్నే!" అంటూ దారి చేస్తోంది. ఇంతలో మావయ్యగారు చెయ్యెత్తి, "ఇక్కడ ఆస్పత్రి ఉందమ్మా. హారన్ నిషేధం" అన్నారు. ఆ పిల్ల వెంటనే గొంతు తగ్గించి, "తప్పుకోండి, తప్పుకోండి" అని గుసగుసలాడటం మొదలుపెట్టింది. ఒక్కరూ తప్పుకోలేదు.

వైపర్ల మోటారు కాలిపోయింది. వాటికి ఒక తాడు కట్టి, ఒక కొస అత్తయ్యగారి వైపు కిటికీలోంచి, రెండో కొస తన కిటికీలోంచి లోపలికి తెచ్చుకున్నారు మావయ్యగారు. వాన వస్తే ఆలుమగలు ఇద్దరూ చెరోసారి లాగాలి.

"లాగవేమే? అద్దం కనబడటం లేదు!"

"ముప్పై ఏళ్ళ నుంచీ లాగుతూనే ఉన్నాను. వదలాల్సింది మీరు!"

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పదవి, పక్కకు జరిగే తలుపుది. దాని గడియ పడదు. బండి చదునుగా పోతున్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. ఎత్తు ఎక్కిందంటే చాలు, గడగడలాడుతూ వెనక్కి జారి, దారినపోయేవాళ్ళందరికీ కుటుంబాన్ని ప్రదర్శిస్తుంది. దాన్ని తాడుతో పట్టుకుని ఆపే బాధ్యత పెద్దత్తయ్యగారిది.

పెద్దత్తయ్యగారంటే మావయ్యగారి అన్నగారి భార్య. ఆయన పోయినప్పటినుంచీ ఈ ఇంట్లోనే ఉంటున్నారు. ఆవిడ నోట ఎప్పుడూ ఒకటే మాట. టీ పోస్తే, "నాకెందుకులే." ఫ్యాను ఇటు తిప్పితే, "నాకెందుకులే, మీకు తిప్పుకోండి." ఫొటో తీస్తుంటే, "నేనెందుకులే" అని గోడవైపు జరుగుతారు. అందుకే ఇంట్లో ఉన్న ఫొటోలన్నిటిలోనూ ఆవిడ భుజం మాత్రం ఉంటుంది.

ఆ మనిషే తాడు చేతికి తీసుకున్నారంటే మారిపోతారు.

"వదినా, ఎత్తు!" అంటారు మావయ్యగారు.

"పట్టుకున్నా నాయనా, నువ్వు పోనీ!" అంటారు ఆవిడ, ఓడకు లంగరు వేసినంత ధీమాగా. కొంగు నడుముకు దోపి, కాలు ఎదుటి సీటుకు తన్నిపెట్టి, వెనక కూర్చున్నవాళ్ళను కసురుతారు కూడా. "మోకాళ్ళు తీయండర్రా, అడ్డం!" ఒకసారి సముద్రం చూసి వచ్చాక వారం రోజులపాటు పక్కింటివాళ్ళకు ఆవిడ సముద్రం ఊసే చెప్పలేదు. "ఆ వంతెన ఎత్తు దగ్గర నేను గనక పట్టుకోకపోయి ఉంటేనా..." అని మొదలుపెట్టి, అక్కడే ముగించేవారు.

కోడలికి కూడా ఆరోజే నియామకం జరిగింది. ఇంజను వేడి చూపించే ముల్లు పనిచేయదు. ముందు సీట్ల మధ్య ఉన్న ఇంజను మూత మీద ఆమె చెయ్యి పెట్టించి, "ఎలా ఉందమ్మా?" అన్నారు.

"వేడిగా ఉంది మావయ్యగారూ."

"వేడా? మంటా?"

"వేడే. కానీ... కొంచెం మంటకు దగ్గర."

"శభాష్! పాత ముల్లు కూడా ఇంత వివరంగా చెప్పేది కాదు."

అలా మూడు నెలలు గడిచాయి. తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష వచ్చిపడింది. పాత బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే అధికారి దగ్గరకు మావయ్యగారు సిబ్బంది మొత్తాన్నీ వెంటబెట్టుకుని వెళ్ళారు.

"హారన్ కొట్టండి," అన్నాడు అధికారి, బండి ముందు నిలబడి కాగితాలు చూసుకుంటూ.

"జరగండి సార్!" అని అరిచింది ఆడపడుచు. కాగితాలు గాలికి పోయాయి.

"తలుపు సరిగ్గా పడుతుందా?"

"పడటమేమిటండీ, మా వదిన పట్టుకుంటే గాలి కూడా దూరదు."

అధికారి బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఇది బండా, కుటుంబమా?" అని అడిగాడు.

"విడదీసి చూడలేదండీ," అన్నారు మావయ్యగారు వినయంగా.

"పదిహేను రోజులు గడువిస్తున్నాను. మనుషుల సాయం లేకుండా నడిచే బండిని తీసుకురండి. లేకపోతే దీన్ని రోడ్డెక్కించకండి."

ఆ రోజు భోజనాల దగ్గర అత్తయ్యగారు తీర్పు చెప్పేశారు. "పదిహేను రోజుల్లో పాసయిందా, సరే. లేదా, పాత ఇనుముకు ఇచ్చేసి చిన్న కారు కొనండి. తాడు లాగి లాగి నా భుజం పడిపోయింది."

"చిన్నకారులో ఐదు సీట్లేగా అమ్మా," అన్నాడు కొడుకు. "మనం ఆరుగురం."

"ఐదు చాలు బాబూ, హాయిగా సరిపోతారు," అన్నారు పెద్దత్తయ్యగారు, చారు వడ్డిస్తూ. "నేనెందుకులే."

మావయ్యగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మజ్జిగ వేసుకోకుండా లేచి వెళ్ళిపోయారు. కోడలు అది చూసింది. ఆరో సీటు కోసమే ఆయన ఈ డొక్కు బండిని పట్టుకుని వేలాడుతున్నారని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఎలాగైనా సరే ఈ బండి పాసవ్వాలి అనుకుంది. సగమే అర్థమైందని ఆమెకు తెలియదు.

మర్నాడు మావయ్యగారు పాత ఆఫీసు మిత్రుణ్ణి చూడటానికి వెళ్ళగానే, "ఒక్కసారి రివర్సు. ఇదే ఆఖరుసారి" అని మొగుణ్ణి బతిమాలి, బండిని మెకానిక్ షెడ్డుకు తోలించింది.

మెకానిక్ నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. బండిని చూడగానే పాత రోగిని చూసిన డాక్టరులా నవ్వాడు.

"మీరు ఈ బండికి ఏమవుతారమ్మా?"

"వేడి చూపించే ముల్లు."

"ఓహో, కొత్త కోడలుగారా!"

వరసగా చూశాడు. హారన్‌కు తీగ తెగింది. వైపర్ మోటారు మార్చాలి. వేడి ముల్లుకు ఇంజను దగ్గరుండే చిన్న సెన్సారు పోయింది. రివర్సు గేరు పడకపోవడానికి కేబులు సాగిపోవడమే కారణం. "ఒక పూట పనమ్మా ఇది. దీనికోసం అయ్యగారు రెండేళ్ళు కన్నకొడుకును అరగదీశారు," అన్నాడు. కన్నకొడుకు మెకానిక్ వంక ఒకసారి, తన అరచేతుల వంక ఒకసారి చూసుకున్నాడు.

"మరి తలుపు?"

"దానికి సామాను కొననక్కర్లేదు," అంటూ మెకానిక్ గోడ బీరువా తెరిచి, దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి తీశాడు. లోపల కొత్త గడియ, కొక్కెం, స్క్రూలతో సహా. పైన మావయ్యగారి దస్తూరీలో ఒక చీటీ: 'బిగించవద్దు.'

"ఇదేమిటి?"

"మూడేళ్ళ కిందట ఆయనే కొని తెచ్చి నా దగ్గర పెట్టారమ్మా. ఎందుకు బిగించొద్దు సార్ అంటే, 'ఆ సీట్లో మనిషి ఉన్నారయ్యా, తీసెయ్యలేను' అన్నారు."

కోడలికి నవ్వాగలేదు. ఎంతయినా నియామకాల విభాగం! మందు కొని, మింగకుండా బీరువాలో దాచుకునే రోగి ఈయనే.

"బిగించేయండి," అంది.

మావయ్యగారు తిరిగి వచ్చేసరికి బండి గుమ్మంలో నిలబడి ఉంది. కోడలు హారన్ కొట్టింది. పక్కవీధి కుక్కలు సైతం స్పందించాయి. వైపర్లు ఆడించింది. చివరగా తలుపు వేసింది. 'టక్' అని చిన్నగా, ముద్దుగా పడింది.

మావయ్యగారు ఆ తలుపును తెరిచి వేశారు. మళ్ళీ తెరిచి వేశారు. నాలుగుసార్లు వేసి, "బాగుందమ్మా. చాలా బాగుంది" అన్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతు అది. సంతోషంతో మాట రావడం లేదేమోనని సరిపెట్టుకుంది కోడలు.

బండి పాసయింది. అధికారి స్వయంగా హారన్ కొట్టి చూసుకున్నాడు, కాగితాలు గట్టిగా పట్టుకుని.

ఆ ఆదివారం సముద్రానికి బయల్దేరారు. బండి తనంతట తనే వెనక్కి వచ్చింది. ఏం చెయ్యాలో తోచక కొడుకు చేతులు కట్టుకుని, విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు. ఆడపడుచు కిటికీలోంచి అలవాటుగా తల బయటపెట్టి, పని లేదని గుర్తొచ్చి, ఆవలించి లోపలికి లాక్కుంది. ఒక్క పూటలో అందరి ఉద్యోగాలూ ఊడిపోయిన సంస్థలా ఉంది లోపల.

ఒక సీటు ఖాళీగా ఉంది.

"వదినా! రా, ఆలస్యమవుతోంది!" అని పిలిచారు మావయ్యగారు.

పెద్దత్తయ్యగారు వరండాలో, ఇంట్లో కట్టుకునే చీరలోనే నిలబడి ఉన్నారు. "మీరు వెళ్ళిరండి నాయనా. తలుపు బాగానే పడుతోందిగా. నేనెందుకులే."

"సీటు ఉంది కదా పెద్దమ్మా!" అన్నాడు కొడుకు.

"సీటుకేం, సంచులు పెట్టుకోండి. అక్కడ నాకేం పని?"

మావయ్యగారు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదుటి గోడ చూస్తూ కూర్చున్నారు. ముందు సీట్లోంచి అత్తయ్యగారు వెనక్కి తిరిగి, కోడలికి మాత్రం వినబడేలా చెప్పారు.

"బావగారు పోయాక ఏడాదిపాటు అక్కయ్య గేటు దాటలేదమ్మా. మేమంతా కాళ్ళావేళ్ళా పడ్డాం, కదిలితే ఒట్టు. ఈ తలుపు గడియ ఊడిన రోజున ఈయన వీధిలోంచి, 'వదినా, అర్జంటు! పట్టుకునేవాళ్ళు లేరు!' అని కేకేశారు. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది."

కోడలికి అట్టపెట్టె మీది చీటీ కళ్ళముందు కదిలింది, మెకానిక్ చెప్పిన మాట చెవిలో మోగింది. 'ఆ సీట్లో మనిషి ఉన్నారయ్యా.'

చెంప మీద ఒకటి వేసుకోవాలనిపించింది. వేసుకునే తీరిక లేదు. ముందుకు వంగి మెల్లిగా అడిగింది. "మావయ్యగారూ, స్క్రూడ్రైవర్ ఉందా?"

అది అప్పటికే ఆయన చేతిలో ఉంది. ఒక్కక్షణం ఆమె ముఖంలోకి చూసి, సీటు సందులోంచి అందించారు. రిటైరయ్యేరోజున సీటు అప్పగించినప్పుడు కూడా ఆయన అంత నమ్మకంగా అప్పగించి ఉండరు.

కోడలు దిగింది. చెప్పు సవరించుకుంటున్నట్టు తలుపు దగ్గర వంగింది. గడియ పడే కొక్కేనికి రెండే స్క్రూలు. ఒకటి చేతిలోకి వచ్చింది, రెండోది ఎక్కడో జారిపోయింది. కొక్కేన్ని హ్యాండుబ్యాగులో పడేసి, తలుపును గట్టిగా వేసింది. అది గడగడమంటూ ఆనందంగా వెనక్కి వచ్చేసింది.

"పెద్దత్తయ్యా! తలుపు పడటం లేదు!"

"అదేమిటే, కొత్తది కదూ?"

"కొత్తదే. ఆ మెకానిక్ ఏం బిగించాడో ఏమో!"

"నేను ముందే అనుకున్నాను," అన్నారు మావయ్యగారు విచారంగా. "వదినా, ఇక వెళ్ళలేం. పట్టుకునేవాళ్ళు లేరు."

"లేకపోవడమేమిటి? ఉండు, ఉండు!"

లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఆవిడ ఒంటిమీద ఇస్త్రీ చీర ఉంది. చేతిలో పాత తాడు ఉంది. ఉతికి, ఆరేసి, చుట్టలు చుట్టి ఉంది. మెట్టు దగ్గర ఒక్కక్షణం ఆగి, వంగి లేచి, పైకి ఎక్కి కూర్చున్నారు. తాడు పిడికిలికి రెండు చుట్లు తిప్పి, కాలు ఎదుటి సీటుకు తన్నిపెట్టారు.

"మోకాళ్ళు తీయండర్రా, అడ్డం!"

బండి గేటు దాటింది. కిటికీలోంచి తల బయటపెట్టి ఆడపడుచు, "సైకిలన్నయ్యా!" అని కేకేసింది. కొట్టడానికి హారన్ ఉన్నా మావయ్యగారు ముట్టుకోలేదు.

"వదినా, ఎత్తు!"

"పట్టుకున్నా నాయనా, నువ్వు పోనీ!"

ఎత్తు దిగాక కోడలు ఓరగా చూసింది. పెద్దత్తయ్యగారు తాడు పట్టని చేత్తోనూ పంటితోనూ కొంగు కొసన ఏదో ముడివేస్తున్నారు. ముడి బిగిసేలోపు అందులోంచి చిన్నగా మెరిసింది ఒక స్క్రూ.

కోడలు గతుక్కుమంది. పెద్దత్తయ్యగారు ఆమె చెవి దగ్గరకు వంగారు.

"మెట్టు మీద పడి ఉందమ్మా. ఇలాంటివి జాగ్రత్తగా దాచుకోవాలి. ఆ మెకానిక్ కంటబడితే మళ్ళీ బిగించేస్తాడు."