గోనె మీద రాసిన డ్రై

నాకు చదువు చెప్పింది మా మనవరాలు. కాఫీ గింజలు ఆరబోసిన టార్పాలినే మా పలక. గింజల్లో అది వేలితో ఒక మాట రాసేది. నేను పక్కన అదే రాసి, చదివి, చేత్తో చెరిపి గింజలు తిరగేసేదాన్ని. తెలుగు వచ్చాక ఇంగ్లీషులో మొదట నేర్చుకున్నది డ్రై.

"అమ్మమ్మా, బట్ట ఆరినా డ్రైయే, మిరపకాయ ఎండినా డ్రైయే. పొడి దగ్గుకీ అదే మాట."

మనకి ఆరడం వేరు, ఎండడం వేరు. వాళ్ళు అన్నిటికీ ఒక్క మాటతో ఎలా సరిపెట్టుకుంటారో అనుకున్నాను. దాని ఎదురుమాట వెట్ కూడా నేర్చుకున్నాను.

ఆ ఏడు చింతపల్లిలో కాఫీ కొనేచోటికి జీపు పైన సంచి వేసుకుని వెళ్ళాను. దారంతా మంచు. అక్కడి గుమస్తా గోనె మీద అరచెయ్యి ఆనించి, మార్కరుతో మూడక్షరాలు రాసి సంచిని పక్కకి తోశాడు. అంతకుముందు ఏడూ అలాగే ఏదో రాసి తోస్తే, ఏమిటని అడగకుండా ఇంటికి మోసుకుపోయాను. ఈసారి చదివాను.

"వెట్ అని రాసినావేటి బాబూ?"

"సదువొచ్చేటి మామ్మా నీకు?" అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు.

"వచ్చులే. మంచుకి తడిసింది గోనె. గోనె ముట్టుకుని గింజకి పేరెట్టేత్తావేటి?"

"బేగి జరుగు, ఎనక జనమున్నారు."

"మాకేం తొందర్లేదు, ఇప్పు," అంది నా వెనక నిలబడ్డ ఆవిడ.

నేనే సంచి మూతి విప్పి, మోచేతిదాకా చెయ్యి దింపి అడుగు గింజలు తీశాను. ఒకదాని పైపొట్టు ఒలిచి కొరికాను. పన్ను దిగలేదు. ఇంకోటి అతని చేతిలో పెట్టాను.

"నువ్వూ కొరుకు."

"నా పళ్ళెందుకు, తేమ సూసే మిషనుంది కదా!"

గుప్పెడు గింజలు మిషన్లో పోసి చూశాడు. నమ్మకం కుదరక మరో గుప్పెడు పోశాడు.

"డ్రైయే," అని గొణిగాడు.

"అందరికీ ఇనపడాలి బాబూ."

"డ్రై, మామ్మా, డ్రై!"

ఈసారి వరసంతా నవ్వింది, నాతో కలిసి. అతను వెట్‌ని కొట్టేసి కొత్తమాట రాయబోతుంటే చెయ్యి చాపాను. "మార్కరిలా తే."

గోనె మీద రాయడం గింజల్లో రాసినంత సులువు కాదు. చివరి అక్షరం తోక కుట్టుదాకా సాగిపోయింది. అయినా మూడూ నిలబడ్డాయి. సంచి కాటా ఎక్కింది.

వెనకావిడ తన సంచి ముందుకు జరిపింది. "వదినా, నాదీ కొరికి సూడు."

మార్కరు ఇంకా నా చేతిలోనే ఉంది.