మిగతాది నీకే తెలుస్తుంది

మా పెదనాన్న గీసిన ప్రతి నమూనా కాగితం చివర ఒకే వాక్యం ఉండేది: "మిగతాది మీకే తెలుస్తుంది." ఆ కాగితం కొనుక్కెళ్ళి, చెక్క మీద అతికించి, రంపం ముందు కూర్చున్నవాళ్ళెవరికీ ఆ మిగతాది తెలిసేది కాదు. నాకైతే ఆ ముక్క చూస్తేనే ఒళ్ళు మండేది. తెలిసేదుంటే నీ దగ్గరెందుకు కొంటారయ్యా మహానుభావా అని అడగాలనిపించేది. నేను అడగక్కర్లేకుండా మా పెద్దమ్మ ఉండేది. తర్వాత్తర్వాత, కాగితం అచ్చుకి వెళ్ళకముందే ఎర్ర పెన్సిలు పట్టుకుని ఆ వాక్యాన్ని కొట్టేయడమే ఆవిడ పనైంది.

పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. వాళ్ళింటి ముందుగదే దుకాణం. కిటికీ పక్కన స్క్రోల్ సా మిషన్ ఉండేది. కుట్టుమిషన్ సూదిలాగా పైకీ కిందికీ ఆడే సన్న బ్లేడు, దాని చుట్టూ చిన్న ఇనప బల్ల. చెక్కని ఆ బల్ల మీద పెట్టి గీత వెంట మెల్లగా తిప్పుకుంటూ పోతే పిట్టలు, పువ్వులు, జాలీలు ఊడి చేతికొస్తాయి. పెదనాన్న నమూనాలు గీసి, అచ్చు వేయించి, పోస్టులో ఊరూరా పంపేవాడు. గీత దగ్గర ఆయనకి తిరుగులేదు. రాత దగ్గరే బద్ధకం. అడుగున ఫోన్ నంబరు ఉందిగా, అర్థం కానివాడు ఫోన్ చేస్తాడులే అనేవాడు. చేసేవాళ్ళు కూడా. ఫోన్ మోగితే చాలు, భోజనం ముందు నుంచి లేచిపోయి, ముక్కూ మొహం తెలియని మనిషితో గంటలకొద్దీ మాట్లాడేవాడు. కంచంలో తిండి చల్లారిపోయేది. "ఆ చెప్పేదేదో కాగితం మీద రాస్తే తిండైనా తినొచ్చుగా" అని పెద్దమ్మ సణిగేది.

ఒకరోజు రిటైరైన బస్సు డ్రైవరొకాయన వచ్చి, సంచీ తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. అన్నీ చెక్క గుడ్లగూబ ముక్కలే. బయటి గీత ముందు కోసేశాడట. ఆ తర్వాత కళ్ళు కోయబోతే పట్టుకోవడానికి చెక్క మిగల్లేదు, వేళ్ళ మధ్యే విరిగిపోయింది.

"లోపలివి ముందు, బయటిది చివర. ఆమాత్రం తెలీదా అండీ?" అన్నాడు పెదనాన్న.

"తెలీదు సార్. ఎక్కడ రాశారు?"

వంటగదిలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "నాకూ తెలీదు."

"నీది మట్టిబుర్ర. నీకెలా తెలుస్తుంది?"

"నాదీ అదే బుర్రండి," అన్నాడు డ్రైవరు. "మాలాంటి వాళ్ళ కోసం రాయండి."

మర్నాడు పెద్దమ్మ వంట ముగించి, చేతులు తుడుచుకుని, అదే గుడ్లగూబ కాగితం తీసుకుని మిషన్ ముందు కూర్చుంది. అప్పటిదాకా ఆవిడ ఆ మిషన్ దుమ్ము తుడవడమే తప్ప స్విచ్చి వేసి ఎరగదు. ఒకే షరతు పెట్టింది. తను కోస్తున్నంతసేపూ పెదనాన్న నోరు తెరవకూడదు. "కొన్నవాళ్ళింట్లో మీరుండరు కదా" అంది.

ఆ ఇంట్లో అదే నియమమై కూర్చుంది. ఆవిడ కాగితం ఒక్కటే చూసి కోయగలిగితేనే నమూనా అచ్చుకి వెళ్ళేది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, కళ్ళెదుట తప్పు జరుగుతుంటే చెప్పలేక, తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. అర్థం కానిచోట పెద్దమ్మ మిషన్ ఆపి, కళ్ళజోడు తీసి, నిదానంగా తుడుచుకుంటూ ఆలోచించేది. ఆ జోడు ముక్కు మీంచి దిగిందంటే పెదనాన్నకి గుండెల్లో రాయి పడేది. "ఎడమ కన్ను ముందు కోయాలి" అని ఆయన రాస్తే, "నా ఎడమా, గుడ్లగూబ ఎడమా?" అని పక్కన రాసేది. "తగినంత గమ్" అంటే "ఎంత?" అని రాసేది. పని పూర్తయ్యాక మిషన్ కట్టేసి, "అయిపోయింది. ఇక నోరు తెరవండి" అనేది. అప్పుడు చూడాలి. ఆయన దాచిపెట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా బయటికొచ్చేవి. చిన్నప్పుడు మేం ఆ వేడుక చూడటానికే పనిగట్టుకుని వెళ్ళేవాళ్ళం.

అలా ఏళ్ళు గడిచాయి. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఇద్దరూ మాట్లాడుకోగా నేనెప్పుడూ వినలేదు. పోట్లాడుకోవడానికి వాళ్ళ మధ్య ఎప్పుడూ ఏదో ఒక చెక్క ముక్క ఉండేది.

తర్వాత పెదనాన్నకి గొంతులో జబ్బు వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అంత వాగుడుకాయ మనిషి మెడలో చిన్న రంధ్రంతో, మాట లేకుండా ఇంటికొచ్చాడు. ఫోన్ మోగితే అలవాటుగా లేచి, రిసీవరు ఎత్తి, దాన్ని పట్టుకుని నిలబడిపోయేవాడు. అవతలివాళ్ళు హలో హలో అని అరుస్తూ ఉండేవారు. అది చూసిన రోజు నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. కొన్నాళ్ళకి, జబ్బు ఊపిరితిత్తులకి పాకిందనీ ఇక చేసేదేమీ లేదనీ డాక్టరు పెద్దమ్మకి చెప్పాడు. పెదనాన్నకి ఎవరూ చెప్పలేదు. ఆయనకి తెలుసు.

ఆ వారమే బుట్ట నమూనా మొదలుపెట్టాడు. ఒకే ఒక పలక. అందులో మధ్య నుంచి అంచుదాకా చుట్టలు తిరుగుతూ వెళ్ళే ఒకే కోత. ఊరికే ఉంచితే అది పలకే, పిడి పట్టుకుని పైకి లాగితే బుట్ట. మిషన్ బల్లని కాస్త వంచి కోయాలి. అప్పుడే ఒక చుట్ట ఇంకో చుట్టని పట్టుకుని ఆగుతుంది. వంచకుండా కోస్తే అంతా స్ప్రింగులా వేలాడిపోతుంది. ఎన్నో ఏళ్ళుగా ఆయన మనసులో ఉన్న వస్తువు అది. ఈసారి అర్థం కానివాళ్ళకి ఫోన్లో చెప్పడానికి గొంతు లేదు. అందుకని జన్మలో మొదటిసారి, పెద్దమ్మ అడక్కముందే అన్నీ కాగితం మీద రాయాలని కూర్చున్నాడు.

పొద్దున్నే దానికోసమే మంచం దిగేవాడు. దానికోసమే బలవంతాన రెండు గుక్కల పాలు తాగేవాడు. రాసి ఇస్తే పెద్దమ్మ కోసేది, ఎక్కడో ఒకచోట ఆగి "ఇది అర్థం కాలేదండీ" అనేది. ఆయన మళ్ళీ రాసేవాడు. బల్ల ఎంత వంచాలో బొమ్మ గీసి మరీ చూపించాడు. అయినా అర్థం కాలేదంది. బ్లేడు దూర్చే రంధ్రం పలకలో ఎక్కడ పెట్టాలో బాణం గుర్తు వేశాడు. రంధ్రం బాణానికి ముందా వెనకా అంది. పలకలు పాడవుతూనే ఉన్నాయి. ఆయన అక్షరాలు వంకర్లు పోతున్నాయి. ఒకసారి రాస్తూ రాస్తూనే బల్ల మీద తల వాల్చేశాడు.

నాకు కోపం ఆగలేదు. ఆ కాగితం నేనూ చదివాను. జీవితంలో ఒక్క చెక్క కూడా కోయని నాకే అర్థమైంది. పెద్దమ్మని వంటగదిలోకి లాక్కెళ్ళి అడిగేశాను.

"ఆయన్నెందుకు చంపుకు తింటున్నావ్? నిజంగానే అర్థం కాలేదా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. పెద్దమ్మ మాత్రం గిన్నె తోముతూనే ఉంది.

"మొదటిసారే అర్థమైందే. ఇంత బాగా ఆయన ఎన్నడూ రాయలేదు."

"మరి?"

"అది అయిపోతే రేప్పొద్దున దేనికోసం లేస్తారే?"

ఆవిడ తోమిన గిన్నెనే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

ఆ నాటకం ఎక్కువ రోజులు సాగలేదు. ఒక మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. పెద్దమ్మ సగం చుట్టలు కోసి, మిషన్ ఆపి, "ఇక్కణ్ణుంచి ఎటు తిప్పాలో తెలియట్లేదండీ" అంది. పెదనాన్న పెన్సిలు అందుకోలేదు. ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చెయ్యి చాపి, ఆవిడ కళ్ళజోడు మీద వేలితో మెల్లగా తట్టాడు.

జోడు ముక్కు మీదే ఉంది. నిజంగా అర్థం కాకపోతే అది అక్కడ నిలవదు. ఇన్ని రోజుల్లో ఆవిడ ఒక్కసారి కూడా దాన్ని తీసి తుడుచుకోలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఎప్పుడు కనిపెట్టాడో, తెలిసి కూడా ఎన్ని రోజులు రాస్తూ వచ్చాడో నాకు తెలియదు.

పెద్దమ్మ బావురుమంది. "నన్ను తిట్టండి" అంది. ఆయన నవ్వాడు. నవ్వుకి శబ్దం లేదు, మెడ దగ్గర గాలి మాత్రం కొట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. కాగితం దగ్గరికి లాక్కుని, అన్నిటికన్నా కింద ఒక వాక్యం రాశాడు. అదే పాత వాక్యం, ఈసారి ఆవిడకి. "మిగతాది నీకే తెలుస్తుంది."

పెద్దమ్మ ఎర్ర పెన్సిలు తీయలేదు. కళ్ళు తుడుచుకుని కొత్త పలక తీసుకుంది. బల్ల వంచి, రంధ్రం పెట్టి, అందులోంచి బ్లేడు దూర్చి, ఎక్కడా ఆగకుండా చివరిదాకా కోసింది. ఆయన స్టూలు మీద పాత నియమం ప్రకారమే కూర్చున్నాడు. పిడి పట్టుకుని లేపితే బుట్ట లేచి నిలబడింది. మిషన్ కట్టేసి "అయిపోయింది" అంది పెద్దమ్మ. తర్వాతి మాట అలవాటుగా వచ్చేసింది. "ఇక నోరు తెరవండి."

అనేసి, చేత్తో తన నోరు మూసుకుంది. ఆయన నోరు తెరిచాడు. పెదాలు చాలాసేపు కదిలాయి. ఏం చెప్పాడో మా ఇద్దరికీ అందలేదు. పెన్సిలు ఇవ్వబోతే వద్దని తల ఊపాడు.

మర్నాడు పొద్దున ఆయన మంచం దిగలేదు. మేం పిలవనూ లేదు. ఆ నెల దాటకుండానే పోయాడు.

బుట్ట నమూనా అచ్చయింది. ఆయన గీసిన వాటన్నిటిలోకీ అదే ఎక్కువ అమ్ముడైంది. ఫోన్ మాత్రం ఒక్కటీ రాలేదు. అడగడానికి ఏముంది, అన్నీ రాసి ఉంటే? పెద్దమ్మ ఫోన్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. ఒకసారి నేను వెళ్ళేసరికి రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని, పనిచేస్తోందో లేదో చూస్తోంది. "ఒక్క తప్పైనా ఉంచి ఉండాల్సింది" అంది. తేటగా రాసిన కాగితానికి ఇక రాసినవాళ్ళతో పని ఉండదు. అన్నాళ్ళూ అది మంచి సంగతే అనుకున్నాను. ఆ ఇంట్లో కూర్చున్నప్పుడు మాత్రం అలా అనిపించలేదు.

నేనొక చిన్న మిషన్ కొనుక్కున్నాను. ఆ కాగితం ముందు పెట్టుకుని, ఎవర్నీ ఏమీ అడగకుండా కోశాను. బుట్ట మొదటిసారే వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, మొట్టమొదట ఏం చేయాలి? అర్థం కావట్లేదు."

"కాగితం మీదుంది, చదువు."

"చదివాను. బుర్రకెక్కట్లేదు."

"కళ్ళజోడు తీసి తుడుచుకున్నావా?" అని అడిగింది.

"ఆ, తుడుచుకున్నా."

"నీ మొహం. నా దగ్గరే నాటకాలా?" అంది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. కుర్చీ జరిపిన చప్పుడు, కాగితం మడత విప్పిన చప్పుడు వినిపించాయి. మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది. "మిషన్ ముందు కూర్చోండి. బల్లని మీ కుడిచేతి వైపు వంచండి. మీ కుడి, మిషన్ కుడి కాదు." ఒక్కో మాటా ఆగి ఆగి చదువుతోంది. నేను ఊఁ కొడుతున్నాను. ఆవిడ ఒక్కటీ వదలకుండా కిందిదాకా వచ్చింది.

"మిగతాది నీకే తెలుస్తుంది," అని చదివి ఆగిపోయింది.

"పెద్దమ్మా?"

"నాకేం తెలియట్లేదే," అంది.