రాణి దారం మింగిన రోజు

ఒక రాస్తారోకోనూ ఒక పెద్దాసుపత్రినీ ఒకే పూటలో తప్పుదోవ పట్టించడం నాలాంటి నెమ్మదస్తుడికి సాధ్యమేనా అని మీకు అనుమానం రావచ్చు. సాధ్యమే. నిజం మాట్లాడితే చాలు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. డిగ్రీ చదువుతూ కోరుట్లలో మా అక్క ఇంట్లో ఉండేవాణ్ని. బావ దుబాయిలో. ఇంట్లో నేను, బీడీలు చుట్టే అక్క, అక్క పిల్లి రాణి. రాణికి అన్నం, పాలు అంటే పెద్ద ఆసక్తి లేదు. పెడితే మర్యాదకు ముట్టేది. అసలు ఆకలంతా చీపురు పుల్లల మీద, చెప్పుల పట్టీల మీద. నా హవాయి చెప్పుల్లో ఒకటి వితంతువుగా మిగిలింది. అయినా దాన్ని తిట్టే వీల్లేదు. బావ లేని ఇంట్లో అక్క రోజంతా మాట్లాడేది దానితోనే.

ఒక పొద్దున అక్క చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే, రాణి దారం కొసను నోట్లో వేసుకుని సేమియా జుర్రినట్టు జుర్రేసింది. నోటి బయట జానెడు మిగిలింది. నేను పట్టుకోబోయాను.

"గుంజకు తమ్మీ! పేగులు తెగుతయ్!"

మధ్యాహ్నానికి రాణి మూలుగుతూ పడిపోయింది. అక్క దాన్ని పాత చీరలో చుట్టి ఏడుపందుకుంది. ఆ రోజు బంద్. మా ఊళ్లో పశువుల దవాఖానకు తాళం, బస్సుల్లేవు. పక్కింటి ఆటోను బతిమాలి జగిత్యాల బయలుదేరాం.

జగిత్యాల మొదట్లో రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. అప్పట్లో రోడ్ల మీద బండ్లు తిరిగినదానికంటే పప్పుచారు ఉడికిందే ఎక్కువ. గరిటె పట్టుకున్న మీసాలాయన ఆటో ఆపాడు.

"బంద్ తెల్వదా తమ్మీ? ఏడికి?"

"దవాఖానకు అన్నా. మా రాణి దారం మింగింది."

"అయ్యో! ఎన్నేండ్లు?"

"రెండు."

ఆయన అక్క ఒళ్లో మూటను, ఆమె కన్నీళ్లను చూశాడు. "మాటలచ్చినయా?"

"ఇంకా రాలేదన్నా."

దయచేసి గమనించండి, ఇందులో ఒక్క అబద్ధం లేదు. జాతి ఏదని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"జరుగున్రి! బిడ్డ పానం మీదికచ్చింది!"

గంజులు పొయ్యిల మీంచి దిగాయి. ముందు బైకులు, హారన్లు, జై తెలంగాణ నినాదాలు, గరిటె వదలడం మరిచిపోయిన మీసాలాయన. "పశువుల దవాఖానకన్నా" అని నేను అరిచాను. ఆ హోరులో నాకే వినపడలేదు. ఊరేగింపు నేరుగా పెద్దాసుపత్రి మెట్ల దగ్గర ఆగింది.

నర్సమ్మ పరుగున వచ్చింది. "పాపనియ్యమ్మా" అంటూ చీర మడత తీసింది.

"మ్యావ్" అంది పాప.

గరిటె నుంచి పప్పుచారు చుక్క మెట్టు మీద పడిన చప్పుడు వినిపించింది.

"తమ్మీ, గిది పిల్లి" అన్నాడు మీసాలాయన మెల్లగా.

"అవునన్నా."

"రాణి అంటివి?"

"పేరన్నా."

నా చదువు గరిటె దెబ్బతో అక్కడే పూర్తవుతుందనుకున్నాను. అప్పుడు అక్క చేతులు జోడించింది. "నాకు బిడ్డయినా, తోడయినా గిదే అన్నా. బతికియ్యున్రి."

ఆయన మీసం దువ్వుకుని వెనకున్న జనం వైపు తిరిగాడు. "ఏం జూస్తున్నరు? పశువుల డాక్టర్‌సాబ్ మన టెంట్లనే సమ్మెల కూసున్నడు. తోల్కరాపోన్రి!"

డాక్టరు సమ్మెకు కాసేపు సెలవు పెట్టి వచ్చాడు. రాణి నాలుక కింద బిగుసుకున్న దారాన్ని కత్తిరించి, మందు పోసి, "లోపలి దారం దానంతటదే బయటికొస్తది, ఇగ భయం లేదు" అన్నాడు. అక్క ఈసారి నవ్వుతూ ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో వంటావార్పు దగ్గర ఆటో ఆపి, మీసాలాయన పప్పుచారన్నం కలిపి రాణి ముందు పెట్టాడు. అది మర్యాదకు ముట్టి, ఆయన కండువా కుచ్చులు నమలడం మొదలుపెట్టింది.

ఆటోలోనే రాణి తల మీద చెయ్యి పెట్టి ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఎవరి గురించి చెప్పినా పేరుకంటే ముందు కాళ్లెన్నో చెబుతాను. ఆ తర్వాత పెళ్లిచూపుల్లో "ఇంట్ల ఎవలెవలుంటరు?" అని పిల్ల తండ్రి అడిగితే, "రెండు కాళ్లోళ్లం ఇద్దరం, నాలుగు కాళ్లది ఒకటి" అన్నాను.

సంబంధం తప్పింది. ప్రతిజ్ఞ తప్పలేదు.